లాప్‌టాప్ మెమరీ తింటున్నది ఎవరు? ఎక్స్‌ఆర్గ్ మీద నింద వేసే ముందు చూడాల్సినవి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్త తరానిది కావాలి. ఏడెనిమిదేళ్ల కిందటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ అర్హత లేదు. పిల్లల చదువుకో, దుకాణం లెక్కలకో వాడుతున్న మిషన్‌ని పారేయలేక లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి వేయించుకున్న ఇళ్లు ఉన్నాయి. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌ది కొని మొదటి రోజే లినక్స్ ఎక్కించుకునేవాళ్లూ ఉన్నారు.

మొదటి వారం అంతా బాగుంటుంది. తర్వాత ఒక రోజు మౌస్ కదలదు, కిటికీ మారాలంటే అర నిమిషం పడుతుంది. ఇంట్లో కాస్త కంప్యూటర్ తెలిసిన కుర్రాడు టెర్మినల్ తెరిచి చూస్తే జాబితా పైవరుసల్లో ఒక పేరు: ఎక్స్‌ఆర్గ్. దాని ముందు 900 ఎంబీ, 1.2 జీబీ లాంటి అంకె. మొత్తం ర్యామ్ చూస్తే 4 జీబీ. ఇక తీర్పు అయిపోయినట్టే. లినక్స్ బాగాలేదని ఒకరు, ఫార్మాట్ కొట్టించమని ఒకరు, ర్యామ్ మార్చాలని షాపువాడు.

ఈ మూడు సలహాలకూ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ మెమరీ ఎక్స్‌ఆర్గ్ చేతిలో ఉంది, సరే. అది ఎవరి సామాను?

దర్జీ దుకాణం లెక్క

ఎక్స్‌ఆర్గ్ అనేది డిస్‌ప్లే సర్వర్. తెర మీద ఏది కనబడాలన్నా, కీబోర్డు మౌస్ కదలికలు ఏ ప్రోగ్రామ్‌కి చేరాలన్నా దాని ద్వారానే. ఈ పద్ధతి 1984లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైంది. దాని 11వ రూపం 1987 సెప్టెంబర్‌లో వచ్చింది. ఇవాళ్టికీ నడుస్తున్నది ఆ 11వ రూపమే, పైన ఎన్నో చేర్పులతో. అప్పట్లో ప్రోగ్రామ్ ఎక్కడో పెద్ద కంప్యూటర్లో నడిచేది, తెర మాత్రం మనిషి ముందు ఉండేది. ప్రతిసారీ బొమ్మని నెట్‌వర్క్ మీద పంపడం ఖరీదు కాబట్టి, ఒకసారి పంపిన బొమ్మని తెర దగ్గరే దాచి ఉంచే ఏర్పాటు పెట్టారు. అలా దాచిన బొమ్మ పేరు పిక్స్‌మ్యాప్. నేడు ప్రోగ్రామూ తెరా ఒకే లాప్‌టాప్‌లో ఉన్నా ఆ అలవాటు పోలేదు. ప్రోగ్రామ్ అడుగుతుంది, సర్వర్ తన దగ్గర దాచిపెడుతుంది. లెక్కలో మెమరీ సర్వర్ పేరు మీద పడుతుంది.

రంజాన్ నెలలో టైలర్ షాపు గుర్తుకు తెచ్చుకుంటే విషయం తేలికే. షాపంతా బట్టల మూటలు, కూర్చోడానికి చోటుండదు. అవి దర్జీవి కావు, ఖాతాదార్ల అమానత్. కుట్టినవి తీసుకుపోవాల్సినవాళ్లు రాకుండా కొత్త బట్ట ఇస్తూనే ఉంటే షాపు నిండిపోతుంది. బయట నుంచి చూసేవాడికి "దర్జీ షాపు నిండా సామాను" అనే కనబడుతుంది. ఎవరిదో తెలియాలంటే బిల్లు బుక్ తెరవాలి. లినక్స్‌లో అలాంటి బిల్లు బుక్ ఉంది. చాలామంది దాన్ని తెరవకుండానే షాపు మూసేయమంటారు.

బొమ్మ ఎంత బరువు

పిక్స్‌మ్యాప్‌లో బొమ్మ కుదించి ఉండదు. మామూలుగా ఒక్కో చుక్కకి 4 బైట్లు. పాత లాప్‌టాప్ తెర 1366 × 768 అయితే, తెర నిండే ఒక్క కిటికీకి 41,96,352 బైట్లు, అంటే సుమారు 4 ఎంబీ. 1920 × 1080 తెరకి 82,94,400 బైట్లు. నీడలు, యానిమేషన్లు చూపించే డెస్క్‌టాప్‌లు తెరిచిన ప్రతి కిటికీకి ఇలాంటి కాపీ ఒకటి ఉంచుకుంటాయి. పది పెద్ద కిటికీలు తెరిస్తే చిన్న తెర మీద 40 ఎంబీ, పెద్ద తెర మీద 80 ఎంబీ పైన. ఇది జబ్బు కాదు.

ఫోన్ ఫొటోల సంగతి వేరు. 4000 × 3000 చుక్కల పెళ్లి ఫొటో డిస్కులో మూడు నాలుగు ఎంబీల ఫైలే కావచ్చు. విప్పితే 4 కోట్ల 80 లక్షల బైట్లు, 48 ఎంబీ. విప్పిన బొమ్మని పూర్తి సైజులోనే సర్వర్ దగ్గర దాచే ప్రోగ్రామ్ అయితే పది ఫొటోలకే అర జీబీకి దగ్గర పడుతుంది. ప్రోగ్రామ్ మూసేస్తే అది ఖాళీ అవుతుంది కాబట్టి ఇదీ కంగారు పడాల్సింది కాదు.

కంగారు పడాల్సింది లీక్ గురించి. గడియారం, బ్యాటరీ, నెట్ స్పీడ్ చూపించే చిన్న గుర్తులు తెర మూలన ఉంటాయి కదా. అలాంటి ఒక ప్రోగ్రామ్ ప్రతి సెకనుకీ కొత్త బొమ్మ గీసి, పాతదాన్ని వదిలేయమని సర్వర్‌కి చెప్పడం మరిచిపోయిందనుకోండి. 64 × 64 చుక్కల గుర్తు 16,384 బైట్లు. ఎవరి కంటికీ ఆనదు. రోజుకి 86,400 సెకన్లు. మొత్తం 141 కోట్ల 55 లక్షల బైట్లు దాటుతుంది, అంటే ఒక్క రోజులో 1.4 జీబీ. నిందపడేది ఎక్స్‌ఆర్గ్ మీద. గోరంత గుర్తుని అనుమానించేవాళ్లు ఎవరూ ఉండరు.

మొదట, నిజంగా కొరత ఉందా?

అంకె పెద్దగా ఉన్నంత మాత్రాన కొరత ఉన్నట్టు కాదు. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఫ్రీ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, హెచ్ కొడితే ఒక చిన్న పట్టిక వస్తుంది. చాలామంది అందులో 'ఫ్రీ' అన్న గడి చూసి 150 ఎంబీయే మిగిలిందని బెంబేలెత్తుతారు. చూడాల్సింది ఆ గడి కాదు, చివరన ఉన్న 'అవైలబుల్'. ఖాళీగా పడున్న మెమరీని లినక్స్ ఇటీవల చదివిన ఫైళ్లు దాచుకోడానికి వాడుకుంటుంది, ప్రోగ్రామ్‌లు అడగ్గానే ఇచ్చేస్తుంది. 4 జీబీ మిషన్‌లో అవైలబుల్ 1.5 జీబీ ఉంటే మెమరీ కొరత లేదు. మందకొడితనానికి కారణం ఇంకెక్కడో ఉంది. పాత హార్డ్ డిస్కు కావచ్చు, దుమ్ము పట్టి వేడెక్కుతుండవచ్చు. అవైలబుల్ 200 ఎంబీకి పడిపోయి, కింది వరుసలో స్వాప్ నిండుతూ ఉంటే మాత్రం ముందుకు వెళ్లాల్సిందే.

తర్వాత టాప్ అనే కమాండ్. అది తెరుచుకున్నాక షిఫ్ట్ పట్టుకుని ఎం నొక్కితే ఎక్కువ మెమరీ పట్టినవి పైకి వస్తాయి. (మౌస్‌తో తెరిచే సిస్టమ్ మానిటర్‌లో "నా ప్రాసెస్‌లు" మాత్రమే చూపించే సెట్టింగ్ ఉంటే ఎక్స్‌ఆర్గ్ కనబడకపోవచ్చు. మింట్‌లో అది రూట్ పేరు మీద నడుస్తుంది.) ఇక్కడ మూడు గడులు పక్కపక్కన ఉంటాయి: వర్ట్, రెస్, ఎస్‌హెచ్‌ఆర్. గోలంతా వర్ట్ దగ్గరే. అది ప్రోగ్రామ్ తనకోసం గీసుకున్న చిరునామాల మొత్తం. గ్రాఫిక్స్ మెమరీకి వేసుకున్న దారి కూడా అందులో కలుస్తుంది. ఊరి మ్యాప్‌లో ప్లాట్లన్నీ గీసినంత మాత్రాన ఇళ్లు కట్టినట్టు కాదు కదా. నిజంగా ర్యామ్‌లో కూర్చున్నది రెస్. అందులో ఇతరులతో పంచుకునేందుకు వీలున్న భాగం ఎస్‌హెచ్‌ఆర్. ఎక్స్‌ఆర్గ్‌కి రెస్ 100 ఎంబీ, 150 ఎంబీ ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు.

ఈ తనిఖీలో సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఎక్స్‌ఆర్గ్ అమాయకం అని తేలి, పదిహేను ట్యాబులు తెరిచి ఉన్న బ్రౌజర్ దొరుకుతుంది. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటుందో చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ పట్టీలో 'అబౌట్ కోలన్ ప్రాసెసెస్' అని ఇంగ్లీషులో కొడితే అదే జాబితా.

ఒకవేళ రెస్ నిజంగానే 600, 800 ఎంబీ ఉందంటే, ఒక్కసారి చూసిన అంకెతో తీర్పు ఇవ్వకూడదు. జ్వరం చూసినట్టు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కాగితం మీద రాసుకోవాలి. పక్కనే ఆ సమయంలో ఏం తెరిచి ఉందో కూడా రాయాలి. పెరిగి ఒకచోట ఆగిందా, సామాను మూసేస్తే తగ్గిందా, ఎవరూ ముట్టకుండా ఉన్నా పెరుగుతూనే ఉందా? మూడోదే లీక్. మన ఇళ్లలో లాప్‌టాప్‌ని షట్‌డౌన్ చేసేవాళ్లు తక్కువ, మూత వేసి పక్కన పెడతారు. అలాంటప్పుడు అదే ఎక్స్‌ఆర్గ్ రెండు మూడు వారాలు ఆగకుండా నడుస్తుంది. రోజుకి 30 ఎంబీ కారే చిన్న లీక్ కూడా నెలలో 900 ఎంబీ అవుతుంది. రోజూ షట్‌డౌన్ చేసే ఇంట్లో అదే లీక్ జన్మలో బయటపడదు.

బిల్లు బుక్ తెరవడం

ఎక్స్ సర్వర్ ఏ ప్రోగ్రామ్ కోసం ఏం దాచిందో చెప్పే చిన్న పనిముట్టు పేరు ఎక్స్‌రెస్‌టాప్. ఉబుంటు, మింట్‌లలో సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి గానీ, టెర్మినల్‌లో 'సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌రెస్‌టాప్' అని ఇంగ్లీషులో కొట్టి గానీ దించుకోవచ్చు. పేరే కమాండ్. నడిపితే వరుసలుగా ప్రోగ్రామ్‌ల జాబితా వస్తుంది, టాప్ మాదిరిగానే తనంతట తాను మారుతుంటుంది. క్యూ నొక్కితే బయటికి.

గడులు చాలా ఉంటాయి కానీ మూడు చూస్తే చాలు. చివరి గడిలో ప్రోగ్రామ్ పేరు. 'పిఎక్స్ఎంఎస్' అన్న గడిలో ఆ ప్రోగ్రామ్ దాచిన పిక్స్‌మ్యాప్‌ల సంఖ్య. 'పిఎక్స్ఎం మెమ్' గడిలో వాటి బరువు. డెస్క్‌టాప్ వాల్‌పేపర్ చూపించే ప్రోగ్రామ్, కిటికీలను నడిపించే ప్రోగ్రామ్ ఎప్పుడూ కొన్ని ఎంబీలతో పైన ఉంటాయి. వాటిది హక్కు.

బరువు కంటే సంఖ్య మీద కన్నేయడం మంచిది. బొమ్మ చిన్నదైతే బరువు మొదట్లో కనబడదు. సంఖ్య మాత్రం దాచలేదు. ఒక ప్రోగ్రామ్ దగ్గర 40 పిక్స్‌మ్యాప్‌లు ఉండి, పది నిమిషాల తర్వాత 640 అయి, ఇంకో పది నిమిషాలకి 1,240 అయితే ఇక సాక్ష్యం అక్కర్లేదు. నిమిషానికి 60, అంటే సెకనుకి ఒకటి. సెకనుకోసారి మారేది తెర మీద ఏముందో వెతికితే దొంగ దొరికినట్టే.

కొన్ని వరుసల్లో పేరు ఉండదు, 'అన్‌నోన్' అని వస్తుంది. తన పేరు సర్వర్‌కి చెప్పని ప్రోగ్రామ్‌లవి. అప్పుడు పాత పద్ధతే: ఎక్స్‌రెస్‌టాప్ ఒక పక్క తెరిచి ఉంచి, అనుమానం ఉన్న ప్రోగ్రామ్‌లను ఒక్కొక్కటిగా మూయడం. ఏది మూయగానే ఆ వరుస మాయమైందో అదే.

ప్రోగ్రామ్ మూసుకుపోగానే, అది దాచినదంతా సర్వర్ వదిలేస్తుంది. ఎక్స్ పద్ధతిలో మామూలు నియమం అది. కాబట్టి దొంగని మూసేస్తే ఎక్స్‌ఆర్గ్ రెస్ దిగాలి. ఒక్కోసారి పూర్తిగా దిగదు. వెయ్యి చిన్న ముక్కలు ఖాళీ అయినా వాటి మధ్య ఒకటో రెండో వాడుకలో ఉంటే ఆ జాగాని కెర్నల్‌కి తిరిగి ఇవ్వడం కుదరదు. దాన్ని సర్వర్ మళ్లీ తనే వాడుకుంటుంది. అందుకే దొంగని మూశాక అంకె సగమే తగ్గి, ఆ తర్వాత పెరగకుండా నిలబడితే సమస్య తీరినట్టే లెక్క. అది కూడా వదలాలంటే పని సేవ్ చేసుకుని ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వాలి. ఫార్మాట్ అక్కర్లేదు, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

తర్వాత ఆ ప్రోగ్రామ్‌ని అప్‌డేట్ చేయాలి. కొత్త కూర్పులోనూ అదే తంతు అయితే తీసేసి వేరేది పెట్టుకోవాలి. ముచ్చటగా ఉందని దించుకున్న వాతావరణం ఆప్లెట్లు, డెస్క్‌లెట్లు, నిమిషానికోసారి మారే వాల్‌పేపర్లు 4 జీబీ మిషన్‌కి అవసరమా అన్నది ఇంటివాళ్లు తేల్చుకోవాలి.

మింట్ సినమన్ వాడేవాళ్లకి ఒక తేడా తెలియాలి. ఆప్లెట్లు విడి ప్రోగ్రామ్‌లు కావు, సినమన్ లోపలే నడుస్తాయి. ఆప్లెట్ తప్పు చేస్తే జాబితాలో సినమన్ పేరే పెరుగుతుంది, ఆప్లెట్ పేరు రాదు. కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెరిచిన కిటికీలు పోకుండా సినమన్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది. దానితో అంకె పడిపోయి మళ్లీ మెల్లగా ఎక్కుతుంటే, సొంతంగా దించుకున్న ఆప్లెట్లని సగం ఆపి చూడాలి, తర్వాత మిగతా సగం.

బుక్‌లో ఏమీ లేకపోతే

ఇది కాస్త చిక్కు. ఎక్స్‌ఆర్గ్ రెస్ 900 ఎంబీ, ఎక్స్‌రెస్‌టాప్‌లో అందరివీ కలిపినా 80 ఎంబీ. అంటే సామాను ఖాతాదార్లది కాదు, షాపు సొంతానిది. అప్పుడు మాత్రమే ఎక్స్‌ఆర్గ్‌ని, ముఖ్యంగా దాని లోపల నడిచే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అనుమానించడం న్యాయం. కెర్నల్, డ్రైవర్ అప్‌డేట్లు పెండింగ్ ఉంటే ముందు అవి. పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ప్రత్యేకంగా వేసిన 'ఇంటెల్' డ్రైవర్ ఉంటే దాన్ని తీసేస్తే ఎక్స్‌ఆర్గ్ తనలోనే ఉన్న 'మోడ్‌సెట్టింగ్' డ్రైవర్‌కి మారుతుంది. చాలా మిషన్లకి అది చాలు. ఈ పని మాత్రం తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని చేయాలి. పొరపాటైతే నల్ల తెర మిగులుతుంది.

ఇంకో మూల కూడా ఉంది. ఇంట్లో వాడే లాప్‌టాప్‌లలో ఎక్కువవాటికి వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండదు, బొమ్మలు మామూలు ర్యామ్‌లోనే కూర్చుంటాయి. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఆ బరువు ఏ ఒక్క ప్రోగ్రామ్ ఖాతాలోనూ సరిగ్గా కనబడకుండా, ఫ్రీ పట్టికలోని 'షేర్డ్' గడిలో తేలవచ్చు. టాప్‌లో అన్నీ కూడినా లెక్క కుదరనప్పుడు ఆ గడి చూడాలి.

ఎక్కడా తేలకపోతే కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి, ఒక పూట అందులోనే పని చేసుకోవాలి. అదే మిషన్, అదే డ్రైవర్, అదే ఎక్స్‌ఆర్గ్. అక్కడ పెరగకపోతే తప్పు పాత ఖాతాలో లాగిన్ అవ్వగానే మొదలయ్యే ప్రోగ్రామ్‌లదే. అక్కడా పెరిగితే డ్రైవర్ మీద అనుమానం బలపడుతుంది.

ఎక్స్‌ఆర్గ్‌ని చంపొద్దు

జాబితాలో పేరు కనబడింది కదా అని ఎక్స్‌ఆర్గ్‌ని 'కిల్' చేసే పొరపాటు కుర్రాళ్లు చేస్తుంటారు. అది పోతే దాని మీద ఆధారపడ్డ కిటికీలన్నీ ఒక్కసారే మూసుకుపోతాయి. సగం నింపిన స్కాలర్‌షిప్ ఫారం, సేవ్ చేయని ప్రాజెక్ట్ రిపోర్టు, అన్నీ పోయి లాగిన్ తెర వస్తుంది.

ఎవరూ చంపకపోయినా ఇదే జరగొచ్చు. ర్యామ్, స్వాప్ రెండూ అయిపోతే లినక్స్ కెర్నల్ ఎక్కువ మెమరీ పట్టిన ప్రోగ్రామ్‌ని ఎంచి తనే ఆపేస్తుంది. అప్పటికి లీక్ వల్ల ఎక్స్‌ఆర్గే పెద్దగా ఉంటే వేటు దాని మీదే పడొచ్చు. పిల్లలు "ఏం ముట్టలేదు, దానంతట అదే లాగిన్ స్క్రీన్ వచ్చింది" అంటే ప్రతిసారీ అబద్ధం కాదు. సూడోతో డీమెసేజ్ కమాండ్ నడిపి, 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న వరుస ఉందా చూస్తే ఆపేసిన ప్రోగ్రామ్ పేరు అక్కడే ఉంటుంది. మిషన్ రీస్టార్ట్ చేయకముందే చూడాలి, చేస్తే ఆ చిట్టా చెరిగిపోతుంది.

వేలాండ్ ఉన్నవాళ్లకి

కొత్త ఉబుంటు, ఫెడోరాలలో ఈ జాబితాలో ఎక్స్‌ఆర్గ్ అసలు కనబడకపోవచ్చు. 2008లో మొదలైన వేలాండ్ అనే కొత్త పద్ధతి వాటిలో నడుస్తోంది. ఫెడోరా 2016లోనే దీన్ని ముందు పెట్టింది. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి ఎక్స్‌ఆర్గ్ సెషన్ తీసేశారు. మింట్ సినమన్‌లో ఇంకా ఎక్స్‌ఆర్గే మామూలు. గ్నోమ్ సెట్టింగ్స్‌లోని సిస్టమ్ వివరాల్లో 'విండోయింగ్ సిస్టమ్' అన్న వరుస చూస్తే ఏది ఉందో తెలుస్తుంది.

వేలాండ్‌లో వేరే సర్వర్ ఉండదు, డెస్క్‌టాపే సర్వర్. గ్నోమ్ అయితే గ్నోమ్ షెల్ పెరుగుతుందా అని చూడాలి. 2018లో ఉబుంటు 18.04 రాకముందు గ్నోమ్ షెల్‌లో పెద్ద మెమరీ గొడవే నడిచింది. వాడేసిన వస్తువుల్ని ఏరిపారేసే పని ఆలస్యమై మెమరీ పేరుకుపోయేది, తర్వాత దాన్ని సరిచేశారు. నేడు పెరిగితే మొదటి అనుమానం సొంతంగా దించుకున్న ఎక్స్‌టెన్షన్ల మీద. వేలాండ్ కింద ఎక్స్‌రెస్‌టాప్ పాత పద్ధతి ప్రోగ్రామ్‌లని మాత్రమే చూపిస్తుంది, మిగతావాటి లెక్క అందులో రాదు.

ఇంత చూశాక కూడా లీక్ ఎక్కడా లేదని తేలి, మామూలు పనికే అవైలబుల్ అడుగంటుతుంటే షాపువాడి మాట నిజమే: 4 జీబీకి ఇంకో 4 జీబీ చేర్చాలి. షాపుకి వెళ్లేముందు ఆ మోడల్‌లో ర్యామ్ స్లాటు ఉందా, బోర్డుకే అతికించి ఉందా కనుక్కోవాలి. అతికించి ఉన్న వాటికి చేర్చడం కుదరదు. మూడు పూటలు అంకెలు రాసిన కాగితం కూడా వెంట తీసుకెళ్తే బేరం ఎక్కడ మొదలవ్వాలో షాపువాడికీ అర్థమవుతుంది.